గడ్డ కరిగేదాకా చూపు ఆగదు

పసిబిడ్డ కనురెప్ప దగ్గర ఎర్రగా, మెత్తగా గడ్డ కనిపిస్తే ఇంట్లో పెద్దలు 'అదే పోతుందిలే' అంటారు. కొందరు వైద్యులూ అదే చెప్పి పంపేస్తారు. అందులో నిజం సగమే. రక్తనాళాలు అల్లుకుని ఏర్పడే ఈ గడ్డను హెమాంజియోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు. మొదటి ఏడాదిలో పెరిగి, ఆ తర్వాత కొన్నేళ్లలో కుంచించుకుపోతుంది. చర్మం మీద తరచూ కనిపించేదే అయినా, కంటి గూటిలో రావడం మాత్రం అరుదు.

చూపు పుట్టుకతోనే పూర్తిగా రాదు. చూడటాన్ని మెదడు తొలి నెలల నుంచి నేర్చుకుంటుంది. గడ్డ బరువుకు రెప్ప వాలి కంటిపాప మూసుకుపోయినా, కనుగుడ్డు నొక్కుకుపోయి ఆకారం మారినా ఆ కంటి నుంచి మెదడుకు స్పష్టమైన దృశ్యం అందదు. క్రమంగా మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. ఇదే ఆంబ్లియోపియా. తర్వాత గడ్డ కరిగినా, పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఒకప్పుడు దీనికి స్టెరాయిడ్లే ప్రధాన చికిత్స. గుండె సమస్యకు ప్రొప్రనాలాల్ ఇచ్చిన బిడ్డలో హెమాంజియోమా కూడా తగ్గిందని 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు ప్రకటించడంతో పరిస్థితి మారింది. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ చికిత్సను ఆమోదించింది. రక్తపోటుకు దశాబ్దాలుగా వాడుతున్న ఈ మందు మన దేశంలో చవకగా దొరుకుతుంది. అయితే సొంతంగా వేయకూడదు. పసివాళ్లలో రక్తంలో చక్కెర పడిపోవచ్చు, గుండె వేగం తగ్గవచ్చు. పైగా ర్యాబ్డోమయోసార్కోమా అనే క్యాన్సర్ కూడా కంటి గూటిలో ఇలాగే వేగంగా పెరుగుతుంది. అందుకే లోతుగా ఉన్న గడ్డకు ఎంఆర్‌ఐ, అనుమానం తీరకపోతే బయాప్సీ అవసరం.

మందు ఉంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్, మదురైలోని అరవింద్ వంటి సంస్థల్లో నిపుణులూ ఉన్నారు. బిడ్డ సకాలంలో వారి దాకా చేరడమే సమస్య. ఈ గడ్డలు అత్యంత వేగంగా పెరిగేది సుమారు ఐదు నుంచి ఏడు వారాల వయసులో. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త తొలి 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలన్నది జాతీయ కార్యక్రమ నియమం. అంటే సరైన సమయానికి ఆ ఇంటి గడపలో ప్రభుత్వ ప్రతినిధి ఒకరు ఉంటారు. కంటి దగ్గర గడ్డ కనిపిస్తే వారంలోగా జిల్లా కేంద్రానికి పంపాలన్న ఒక్క సూచన ఆమె శిక్షణలో చేరితే చాలు. దానికి కొత్త పథకం అక్కర్లేదు.