సముద్రానికీ మర్యాద ఉంది

అమెరికా నుంచి వచ్చిన మా అక్క కొడుక్కి కొండవీడు కోట చూపించాను. కొండమీది చెరువుగట్టున కూచుని వాడు సముద్రం కబుర్లు మొదలెట్టాడు. సెలవొస్తే కాయక్ అనే బుల్లి పడవేసుకుని సముద్రంలో గాలం వేస్తాడట.

"సూర్యలంకలోనూ వేస్తాను పిన్నీ. సముద్రం ఎవడబ్బ సొత్తు?"

నాకు ఒళ్ళు మండింది. ఎవడి సొత్తూ కాదు గనకే మర్యాద కావాలి నాయనా! తెల్లవారకుండా పోయి వల వేసినవాడికది కూడు, నీకది సరదా. నీ పడవ తగిలి తెగేది దారాలు కాదు, వల కోసం ఆ ఇల్లాలు తాకట్టు పెట్టిన పుస్తెలు. మోటారు పడవైనా, తెరచాప పడవైనా వల వేసిన పడవకి తప్పుకోవాలని 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలే చెప్పాయి. వెనకాల గాలం ఈడ్చుకుపోయే పడవకి ఆ గౌరవం లేదు!

"అవి దొరల రూల్సు" అంటారేమో. 1244లోనే కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. పగిలిన ఓడల సరుకు అంతకుముందు రాజులు లాక్కునేవారు. తాను సుంకం తప్ప ముట్టనన్నాడు. ఈ కొండనేలిన అనవోతారెడ్డి కూడా 1358లో అక్కడే వర్తకులకు అభయమిచ్చాడు. రాజులే చేతులు ముడుచుకున్న చోట మన సరదారాయుళ్ళకి అడ్డేమిటి?

వల బెండ్లు కనబడితే దూరంగా చుట్టిపో. ఒకడు చేపలు పట్టే చోట చొరబడకు. తెప్ప బోల్తాపడితే గాలం పారేసి ముందు మనిషిని అందుకో. అంతే!

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "బెండ్లంటే ఎలా ఉంటాయి పిన్నీ?"

చూశారా, తప్పు వాడిది కాదు. ఈత నేర్పించాం, ఇది నేర్పించలేదు.