దొరకనిది చేసికొనుట

పాత కార్లను బాగుచేయించి భద్రపరచుకొనువారిని చూచి నవ్వువారు మనలో పెక్కుమంది కలరు. ఇనుపతుక్కుపై నింత మోజేలయని వారందురు. ఆ నవ్వులో మేము పాలుగొనజాలము. పాత కారును దాని మొదటి రూపునకు తేబూనిన గృహస్థుడు తెలిసియో తెలియకయో ఒక పెద్ద ప్రశ్న నెదుర్కొనుచున్నాడు. వస్తువును చేసిన కర్మాగారము దానిని మరచిపోయిన పిదప ఆ వస్తువునకు దిక్కెవరు? ఈ ప్రశ్నను నేడు మేమొక చిన్న భాగమును ముందిడుకొని చర్చింపదలచితిమి. అది కారు వెనుక అద్దముపై అమర్చు రెక్కల చట్రము. మోటారు పనివారు దానిని లూవరు అందురు.

పైకప్పు క్రమముగ వాలి తోకవరకు దిగు కార్లలో వెనుక అద్దము కిటికీవలె నిలువుగ నుండదు. ఇంటిచూరువలె వాలి ఆకాశమునకు ముఖము చేసియుండును. అందుచే మధ్యాహ్నపుటెండ దానిగుండ లోనికి దిగి ఆసనములను కాల్చును. తోలు పగులును, రంగులు వెలిసిపోవును. ఆ అద్దముపై అడ్డముగ, ఒకదానిపై నొకటిగ రెక్కలను పేర్చిన చట్రము నమర్చినచో ఎండ ఆగును, చూపు ఆగదు. వేసవిలో మన పెద్దలు వసారాలకు కట్టిన వెదురు తడికలకును, పాత బంగళాల తలుపులకు బిగించిన చెక్కరెక్కలకును మూలమైన సూత్రమే యిది.

ఈ రెక్కలకు మోటారు చరిత్రలో గౌరవస్థానము కలదు. 1966లో జెనీవా ప్రదర్శనమున ఇటలీదేశపు లంబోర్గినీ మియురా కనబడినప్పుడు, దాని పండ్రెండు సిలిండర్ల ఇంజను నడుపువాని వెనుకనే అడ్డముగ నమర్పబడియుండెను. ఇంజను వేడి పైకి పోవలెను. నడుపువానికి వెనుక దారియు కనబడవలెను. ఈ రెండవసరములను నల్లని రెక్కలు తీర్చినవి. 1969లో అమెరికాలోని ఫోర్డు కంపెనీ మస్టాంగు బాస్ 302 అను కారును వెలువరించినప్పుడు, కోరినవారికి వెనుక అద్దముపై ఇట్టి రెక్కలను అదనపు వెలకు అమర్చియిచ్చినది. ఆ కారు రూపమును తీర్చినవాడు లారీ షినోడా. జపాను సంతతివాడగుటచే, రెండవ ప్రపంచయుద్ధకాలమున బాలుడుగ నున్నప్పుడే కుటుంబముతోపాటు మాంజనారు నిర్బంధ శిబిరమున నుంచబడినవాడతడు. అతని చేతిగీత ఆ కారుపై నేటికిని నిలిచియున్నది. ఒక మనుష్యుని చేయి గీచినదానిని మరియొక మనుష్యుని చేయి తిరిగి చేయలేదా? మా వాదమునకు మూలమిదియే.

ఇక చిక్కు విషయము. అదనపు వెలకు ఇచ్చిన వస్తువు ప్రతి కారుపైనను ఉండదు. ఉన్నవానిలో ఊడదీసినవి అటకలపై పడియుండును. వంగినవి తుక్కుబండ్ల కెక్కును. అర్ధశతాబ్దము గడచిన పిదప మిగులునవి కొలదియే. మస్టాంగునకు లోకమంతట అభిమానులు మెండుగ నుండుటచే దాని రెక్కలకు నకళ్లు చేసి విక్రయించు వర్తకులు నేడు కలరు. కాని తక్కువ సంఖ్యలో తయారై, తక్కువమందిచే ప్రేమింపబడు కార్ల గతి యేమి? వర్తకుడు పదిమంది కొనుదానిని చేయును. ఒక్కడు కోరుదానిని చేయడు. ఇది వర్తకుని దోషము కాదు, లెక్కలోని ధర్మము. ఆ ఒక్కడు జాబులు వ్రాయును, తుక్కుదుకాణములు గాలించును, ఎవరో యెక్కడనో ఉన్నదనగా పరుగెత్తును. ఏండ్లు గడచిపోవును. వెదకుట తప్పని మేమనము. మొదట వెదకవలసినదే. విరిగిన భాగమొక్కటి దొరకినను అది కొలతలకు గురువగును. కాని వెదకుటయే పనియై కారు షెడ్డులోనే ముసలిదగుట మాకు సమ్మతము కాదు. దొరకనిచో చేసికొనవలెను.

చేయుట అసాధ్యమా? కాదు. ముందుగ అద్దముపై కాగితము పరచి అంచులు గీచుకొనవలెను. అద్దము చూపునకు సమముగ నున్నట్లు తోచినను సాధారణముగ ఏదో యొక దిశలో వంపు కలిగియుండును. ఆ వంపును దళసరి అట్టపై దించుకొని, సరిపోవువరకు కత్తిరించి చూడవలెను. ఒక రేకును పాడుచేయుటకంటె పది అట్టలను పాడుచేయుట మేలు. రెక్కల నడుమ ఎడము నిర్ణయించుటకు రెండు పరీక్షలు కలవు. పై రెక్క వెలుపలి అంచునుండి గుండు కట్టిన దారమును వ్రేలాడదీసినచో అది క్రింది రెక్కమీద పడవలెను. అట్లు పడినప్పుడు నడినెత్తి సూర్యుడు అద్దమును తాకజాలడు. రెండవది, నడుపువాని ఆసనమున కూర్చుండి లోపలి చిన్న అద్దములో వెనుకకు చూచినప్పుడు రెక్కలు సన్నని గీతలవలె కనబడవలెను గాని పలకలవలె అడ్డు నిలువరాదు. ఎండకై రెక్కను వెడల్పు చేయవచ్చును; వంచి చూపును మూయరాదు.

ఇందుకు అల్యూమినియము రేకు తగినది. అది తేలిక, ఇనుమువలె త్రుప్పు పట్టదు. సన్నని రేకు గాలికి అదరును గనుక రెక్క అంచులను మడిచి బిగువు కలిగింపవలెను. ఇనుప మరమేకులు తడిలో అల్యూమినియమును తాకియుండినచో ఆ చోట అల్యూమినియము తినివేయబడును. నడుమ రబ్బరు బిళ్ల నుంచుట మరువరాదు. ఫైబరు గ్లాసుతో చేయువారు ముందు అచ్చు చేయవలెను. ఒక్కదానికైన అది వృథాశ్రమ, పదింటికైన లాభము. ప్లాస్టిక్కు వేడికి మెత్తబడుటచే వంచుట సులభము. కాని పలుచని ప్లాస్టిక్కు నల్లరంగుతో ఎండలో నిలిచినప్పుడు ఆ గుణమే దానికి శత్రువగును. చట్రమును పై అంచున మడతబందులతో బిగించి క్రింద గొళ్లెములుంచినచో, అద్దము తుడుచుటకు పైకెత్తవచ్చును. పాత కారు దేహమునకు కొత్త రంధ్రములు వేయరాదు. ప్రతి రంధ్రమును త్రుప్పునకు తెరచిన తలుపే. పైపూతకు నిగనిగలాడని నల్లరంగు మంచిది; మెరయు రంగు ఎండను నడుపువాని కంటిలోనికే విసరును.

ఇదంతయు చదివి, ఇది ధనికుల వినోదము గదా, దీనికై పత్రికలో ఇంత స్థలమేలయని యడుగువారుందురు. వారి ప్రశ్న న్యాయమైనదే. రెక్కలు లేకున్నను కారు నడచును. అనేకులు వానిని సొగసుకై పెట్టుకొనుచున్నారనియు మేమంగీకరింతుము. అయినను రేపు దొరకనిది రెక్కల చట్రము కాక, బ్రేకు గొట్టమో తలుపు గొళ్లెమో కావచ్చును. పేదవాని సైకిలులోను, రైతు నీటియంత్రములోను ఇదే కథ నడచుచున్నది. చేసినవాడు మానివేసెను గనుక కొనినవాడు పారవేయవలసినదేనా? అలంకారమునకు పనికివచ్చు నేర్పే అవసరమునకును పనికివచ్చును.

ఈ విషయమున న్యాయస్థానములును పలికియున్నవి. ఇంగ్లాండులో బ్రిటిషు లేలాండు కంపెనీ, తన మారిస్ మరీనా కారు పొగగొట్టమును ఆర్మ్‌స్ట్రాంగు అను వేరొక కంపెనీ నకలుచేసి విక్రయించుచున్నదని వ్యాజ్యము తెచ్చినది. పటములపై గ్రంథస్వామ్యము తనదని దాని వాదము. 1986లో ప్రభువులసభ ఆ హక్కును ఆర్మ్‌స్ట్రాంగుపై అమలుపరచుటకు నిరాకరించెను. కారును అమ్మినవాడు, కొనినవాడు దానిని బాగుచేయించుకొను హక్కునకు అడ్డుపడరాదని తీర్పు సారాంశము. 1988లో అచ్చట వెలువడిన చట్టము, మరియొక వస్తువునకు అమరుటకో సరిపోలుటకో తప్పనిసరియైన ఆకృతులను డిజైను హక్కునుండి మినహాయించినది. మన దేశమున 2000 సంవత్సరపు డిజైనుల చట్టము ప్రకారము నమోదైన ఆకృతికి రక్షణ గరిష్ఠముగ 15 సంవత్సరములే. అర్ధశతాబ్దపు రెక్కలను చేయువాడు ఈ విషయమున భయపడవలసిన పని లేదు.

హక్కుతోపాటు ధర్మమును కలదు. నకలును నకలని చెప్పవలెను. కొత్తగ చేసిన రెక్కలను మాసినట్లు చేసి, కర్మాగారమునుండి వచ్చిన అసలువని అమ్ముట మోసము. చేసినవాడు చట్రము లోపలివైపున తన గురుతును, చేసిన సంవత్సరమును చెక్కవలెను. అది సిగ్గుపడవలసిన గురుతు కాదు, తలయెత్తుకొని చూపదగినది. అట్లే చూపునకు అడ్డువచ్చు రెక్కలు చేసి యిచ్చుట కూడ అపరాధమే. సొగసుకై ఒకని ప్రాణమును పణముపెట్టరాదు.

ఇది పరదేశపు ముచ్చటయని మన పాఠకులు త్రోసివేయరాదు. ఆ మారిస్ వంశమునకే చెందిన ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై హిందూస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో అంబాసిడరు కారును చేసిరి. ఆ తయారీ 2014లో ఆగిపోయినది. దాని వెనుక అద్దము అంతగ వాలినది కాదు గనుక దానికి ఈ రెక్కలతో పని లేదు. కాని దాని భాగములకై నేడు వెదకువాడును ఇదే దారిని నడువవలసినవాడే. అతనికి సాయపడగల చేతులు మనకు లేవా? విజయవాడ ఆటోనగరులో లారీల దేహములను రేకునుండియు కొయ్యనుండియు నిలబెట్టు పనివారిని చూడుడు. అట్టి చేతులకు ఒక రెక్కల చట్రము ఎంతటి పని? కాని ఆ నేర్పు పుస్తకములలో లేదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి, మేస్త్రీ కంటినుండి శిష్యుని కంటికి వచ్చినది. అడుగువారు లేనిచో ఒక్క తరములో అణగిపోవును.

కావున మేము కోరునవి మూడు. భాగములను చేయుట మానిన కంపెనీలు వాని పటములను, కొలతలను బీరువాలలో కుళ్లనీయక ప్రజలకు విడుదల చేయవలెను. తాము అమ్మనిదానిని ఇతరులు చేసినచో వారికి పోవునదేమి? మన పారిశ్రామిక శిక్షణాలయములు కొత్త యంత్రములతోపాటు రేకును కొలుచుట, మడుచుట, అచ్చు తీయుట విడువక నేర్పవలెను. ఇక పాత వస్తువుల యజమానులు, దొరకలేదని చేతులు ముడుచుకొనక, తమ యూరి పనివాని వాకిటికి అట్టముక్కతో పోయి నిలువవలెను. అతని శ్రమకు తగిన వెల బేరమాడక ఇయ్యవలెను.

కొనుట యొక్కటియే తెలిసిన జాతి, అమ్మువాడు దుకాణము మూసిననాడు నిస్సహాయమగును. చేయుట తెలిసిన జాతికి ఆ భయము లేదు. వెనుక అద్దముపై నాలుగు రెక్కలు చిన్న విషయమే కావచ్చును. వానిని చేసిన చేయి మాత్రము చిన్నది కాదు.