విద్యుత్ కార్ల కంపెనీకి పీఈ కొలత చాలదు

పీఈ నిష్పత్తి అంటే షేరు ధరను, ఆ షేరు మీద కంపెనీ ఏడాదిలో గడించిన లాభంతో భాగిస్తే వచ్చే అంకె. షేరు 100 రూపాయలు, షేరుకు ఏడాది లాభం 5 రూపాయలు అయితే పీఈ 20. ఇప్పుడు వస్తున్న లాభమే ఏటా వస్తే పెట్టిన డబ్బు 20 ఏళ్లలో తిరిగి వస్తుందని దానికి అర్థం. ఈ లెక్కకు ప్రాణం 'ఇప్పటి లాభమే ఏటా వస్తే' అన్న షరతులో ఉంది. టీవీ చర్చల్లోనూ ఫోన్ యాప్‌ల్లోనూ ఆ షరతు ఎప్పుడో జారిపోయింది. పీఈ 15 అంటే చవక, 100 అంటే బుడగ అన్న సూత్రం మాత్రం మిగిలింది. విద్యుత్ కార్లు తయారుచేసే కంపెనీకి ఈ సూత్రాన్ని వర్తింపజేయడం తప్పు. లాభం ఇంకా కుదురుకోని వ్యాపారాన్ని కుదురుకున్న వ్యాపారపు కొలతతో కొలవడమే ఆ తప్పుకు మూలం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తోట కొనేవారెవరూ ఈ పద్ధతిలో కొనరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. తాతల నాడు నాటిన కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకూలాయి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. మళ్లీ నాటిన దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. జీడి అంట్లు మూడో నాలుగో ఏట కాపు మొదలుపెట్టినా నిండు కాపుకు ఎనిమిదేళ్లయినా ఆగాలి. 2019లో అలాంటి ఎకరం మీద రాబడి సున్నా. నీళ్లకూ ఎరువుకూ కూలికీ పోయేది అదనం. పీఈ పట్టికలో ఆ తోటకు గడే ఉండదు. అయినా దానికి ధర ఉంటుంది. కొనేవారు నాటిన మొక్కల్లో ఎన్ని నిలిచాయో లెక్కపెడతారు, బావిలో వేసవిలో నీళ్లుంటాయా అని అడుగుతారు, కాపు వచ్చేదాకా మదుపు పెట్టే శక్తి తమకుందా అని చూసుకుంటారు. ఈ ఏటి పంట ఎంత అన్న ప్రశ్న లేత తోట విషయంలో ఎవరూ వేయరు.

టెస్లా చరిత్రను ఇదే వరుసలో చదవాలి. ఆ కంపెనీ 2010 జూన్ 29న 17 డాలర్ల ధరకు స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. ఏడాది మొత్తానికి లాభం చూపించింది మొదటిసారి 2020లోనే. 2019లో సుమారు 86 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది కాబట్టి ఆ ఏడాది చివర దానికి పీఈ లేనే లేదు. పీఈ చూసి షేర్లను జల్లెడ పట్టేవారి కంటికి ఆ కంపెనీ ఆనలేదు. తర్వాతి షేరు విభజనలన్నీ సర్దుబాటు చేసి చూస్తే అప్పటి షేరు ధర సుమారు 28 డాలర్లు. మరుసటి ఏడాది చివరికి అది 235 అయింది, పీఈ దాదాపు 1,100. 2022 చివర షేరు 123కు పడిపోయింది, లాభం పెరిగింది, పీఈ 34కు దిగింది. 2024 చివర షేరు 404, పీఈ దాదాపు 198. చవక అని చెప్పవలసిన చోట ఈ నిష్పత్తి నోరు మెదపలేదు. ఆ తర్వాతి అయిదేళ్లలో 1,100, 34, 198 అని మూడు పొంతనలేని మాటలు చెప్పింది.

ఇంత ఊగిసలాటకు కారణం భాజకంలో, అంటే లాభంలో ఉంది. 2020లో టెస్లా లాభం 72 కోట్ల డాలర్లు. అదే ఏడాది ఇతర కార్ల కంపెనీలకు కాలుష్య నియమాల కింద క్రెడిట్లు అమ్మగా వచ్చింది 158 కోట్ల డాలర్లు. ఆ రాబడి లేకపోతే కంపెనీ నష్టంలోనే ఉండేది. 2023లో ప్రకటించిన లాభం 1,500 కోట్ల డాలర్లు, అందులో 590 కోట్లు ఒక్కసారి మాత్రమే వచ్చే, చేతికి నగదు రాని పన్ను సర్దుబాటు. అటువైపు పరిశోధనకు పెట్టిన ఖర్చును అమెరికా లెక్కల నియమాలు దాదాపు పూర్తిగా ఆ ఏడాది ఖర్చుగానే రాయిస్తాయి. పదేళ్లు పనికొచ్చే బ్యాటరీ పరిజ్ఞానం ఖర్చుల పద్దులోకి పోతుంది, ఒక్క ఏటి పన్ను ఊరట లాభాల పద్దులోకి వస్తుంది. ఇలాంటి భాజకంతో భాగించి వచ్చిన అంకెను దశాంశ స్థానాలతో సహా నమ్మడం సబబు కాదు.

పీఈ తప్పుదారి పట్టించే రెండో తీరును అదే శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గల జీడి ఫ్యాక్టరీల్లో చూడవచ్చు. ఫ్యాక్టరీ లాభమంతా జీడి పిక్కల కొనుగోలు ధరకూ పప్పు అమ్మకం ధరకూ మధ్య ఉన్న సందులో ఉంటుంది. ఉద్దానం పిక్కలు వేసవి సీజనులో వస్తాయి, చాలనప్పుడు ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించుకుంటారు. పిక్కలు కొన్నాక పప్పు ధర తగ్గితే ఆ ఏడాది మిగిలేది పొట్టే. అయిదు కోట్ల విలువైన ఫ్యాక్టరీకి మంచి ఏట కోటి రూపాయలు మిగిలిందనుకుంటే పీఈ 5, చెడ్డ ఏట పది లక్షలు మిగిలితే పీఈ 50. కాల్చే బట్టీ అదే, కోత యంత్రాలు అవే, పనివారు వారే. పీఈ 5 ఉన్నప్పుడు కొన్నవారు శిఖరం మీద కొన్నారు.

2022 చివరి టెస్లా సరిగ్గా అలాంటి మంచి ఏటి ఫ్యాక్టరీ. వంద డాలర్ల అమ్మకానికి స్థూల లాభం అప్పుడు 25 డాలర్లకు పైనే. 2023 జనవరి నుంచి కార్ల ధరలు వరుసగా తగ్గించడంతో 2024 నాటికి అది 18కి దిగువకు వచ్చింది. షేరుకు లాభం 3.62 డాలర్ల నుంచి 2.04కు పడింది. పీఈ 34ను చూసి 'ఇప్పుడు న్యాయమైన ధరకు వచ్చింది' అన్నవారి లెక్క, లాభం అక్కడే నిలుస్తుందన్న ఊహ మీద నిలబడింది. ఆ ఊహ రెండేళ్లయినా నిలవలేదు. తర్వాత షేరు పెరిగింది నిజమే, కానీ పెరిగింది డ్రైవరు లేని టాక్సీల మీద, రోబోల మీద పెట్టుకున్న ఆశతో. కార్ల లాభంతో పెరగలేదు కాబట్టి ఆ పెరుగుదల పీఈ సూత్రానికి సాక్ష్యం కాజాలదు.

తక్కువ పీఈ చవక కాదనడానికి టెక్కలి గ్రానైటు క్వారీ ఉదాహరణగా సరిపోతుంది. టెక్కలి బ్లూ రాయి బాగా అమ్ముడుపోయే ఏట క్వారీ లాభంతో భాగిస్తే పీఈ నాలుగో అయిదో రావచ్చు. కానీ తీసిన రాయి మళ్లీ పుట్టదు. లీజు గడువు ఎంత, గుంటలో పగుళ్లు లేని బండ ఎంత మిగిలింది అన్నవి తెలియకుండా ఆ నాలుగు అన్న అంకెకు అర్థం లేదు. పెట్రోలు ఇంజిన్ల ఫ్యాక్టరీలున్న జనరల్ మోటార్స్ పీఈ ఏళ్లుగా ఎక్కువ కాలం పది లోపే ఉంది. ఆ పక్కన టెస్లాను నిలబెట్టి 'ఎంత తేడా' అని ఆశ్చర్యపోవడం, తరుగుతున్న క్వారీని ఎదుగుతున్న తోటతో పోల్చడం వంటిది. రెండింటికీ విలువ కట్టవచ్చు, ఒకే బద్దతో మాత్రం కొలవలేం.

తెలుగు నేల మీద దీనికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ కేంద్రంగా ఉన్న విద్యుత్ బస్సుల సంస్థ ఒలెక్ట్రా గ్రీన్‌టెక్. తిరుమల కొండ మీదికి 2022 నుంచి ఏపీఎస్ఆర్టీసీ పేరిట నడుస్తున్న విద్యుత్ బస్సులు అదే తయారుచేసింది. 2024 ప్రాంతంలో దాని పీఈ వందకు ఎంతో పైన ఉండేది. 'వంద దాటింది, వదిలేయండి' అన్న సలహాలో అసలు విషయమే లేదు. మహారాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు 5,150 బస్సులు ఇచ్చే ఒప్పందం 2023లో ఒలెక్ట్రా భాగస్వామిగా ఉన్న బృందానికి దక్కింది. రెండేళ్ల గడువు దగ్గరపడేసరికి అందినవి అందులో కొద్ది భాగమే. ఆ షేరు విలువను తేల్చేది నెలకు ఫ్యాక్టరీ గేటు దాటే బస్సుల సంఖ్య, రవాణా సంస్థలు కిలోమీటరు లెక్కన బిల్లు చెల్లించే వేగం. ఈ రెండూ పీఈలో కనిపించవు.

పీఈని వదిలేస్తే ఇక కథలు నమ్మడమే మిగులుతుందన్న ఆక్షేపణ ఒకటుంది. దానిలో భయం న్యాయమైనదే. విద్యుత్ స్కూటర్ల కంపెనీ ఓలా ఎలక్ట్రిక్ షేరు 2024 ఆగస్టులో 76 రూపాయల ధరకు మార్కెట్లోకి వచ్చి అదే నెలలో 150 దాటింది, 2025లో 50 కంటే కిందికి పడింది. 2023-24లో ఆ కంపెనీ నష్టం 1,584 కోట్ల రూపాయలు. అక్కడ మదుపరులను కాపాడగలిగేది స్కూటరు మీద మిగులు ఎంత, చేతిలో నగదు ఎన్నాళ్లు సరిపోతుంది అన్న లెక్క. నష్టంలో ఉన్న కంపెనీకి పీఈ అసలు పుట్టదు కనుక ఆ నిష్పత్తి వారిని కాపాడే వీలే లేదు.

లెక్కను ధర వైపు నుంచి వెనక్కి నడపాలి. 2020 చివర మార్కెట్ టెస్లాకు కట్టిన విలువ సుమారు 67 వేల కోట్ల డాలర్లు. ఎదుగుదల ఆగి కుదురుకున్న రోజున దానికి పీఈ 20 తగినదనుకుంటే, అప్పటికి ఏటా 3,350 కోట్ల డాలర్ల లాభం రావాలి. కారుకు ఖర్చులూ పన్నులూ పోను 4,000 డాలర్లు మిగులుతుందని ఉదారంగా లెక్కేసినా ఏటా దాదాపు 84 లక్షల కార్లు అమ్మాలి. ఇప్పుడు వాదించడానికి ఒక వస్తువు దొరికింది: అన్ని కార్లకు ఫ్యాక్టరీలెన్ని, బ్యాటరీలకు లిథియం ఎక్కడిది, చైనాలో పోటీ కంపెనీ బీవైడీ ఊరుకుంటుందా, ఆ రోజు రావడానికి ఎన్నేళ్లు, అన్నేళ్లు ఆగినందుకు వడ్డీ ఎంత. 1,100 అన్న అంకె ఈ ప్రశ్నల్లో ఒక్కదాన్నీ అడగనివ్వదు. ఆ 84 లక్షల ముందు టెస్లా 2020లో అప్పగించిన కార్లు దాదాపు 5 లక్షలు. 2024లో సుమారు 17.9 లక్షలు, అంతకుముందు ఏడాది కంటే కొద్దిగా తక్కువ.