సైకిలు యాత్రయు సీమ కరువును

ధర్మకార్యమునకై సైకిలు తొక్కు పద్ధతి పశ్చిమదేశములలో చాలకాలముగా వేళ్లూనినది. ఒకడో, పదిమందియో సైకిళ్లెక్కి, లండనునుండి పారిసు వరకో, అమెరికాలో ఒక సముద్రతీరమునుండి ఆవలి తీరము వరకో రేయింబవళ్లు తొక్కుటకు పూని, తొక్కిన ప్రతి మైలునకు ఇంతయని బంధుమిత్రులచే చందా వేయించి, ఆ సొమ్మును తామెన్నడును చూచి యెరుగని ఏ దూరదేశపు పల్లెకో పంపుదురు. ప్రమాదములో ఒక కాలు పోగొట్టుకొన్న మన హైదరాబాదు ఆదిత్య మెహతా లండను–పారిసు దారి తొక్కి, పిదప తన పేర సంస్థ నెలకొల్పి, అంగవైకల్యము గల క్రీడాకారుల సాయమునకై 2020లో కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు యాత్ర నడిపెను. ఆ రహదారి కర్నూలు మీదుగనే పోవును.

కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు ఇంచుమించు 200 కిలోమీటర్లు. దూరపు సైకిలు సవారీ నియమములలో ఇంత దూరమునకు గడువు పదమూడున్నర గంటలు. మాఘమాసమున ఇది సాధ్యమే. నంద్యాల ఎండలు 45 డిగ్రీలు దాటు మే నెలలో తొక్కువాడు పుణ్యాత్ముడగునో, ఆసుపత్రి పాలగునో చెప్పజాలను. ఐనను చందా ఇచ్చువాని మనస్సును కదలించునది ఈ కష్టమే గాని, పల్లె కష్టము కాదు. మిత్రుని చెమట కంటికి కనబడును. గుక్కెడు నీటికి క్రోసెడు నడచు ఆడుదాని చెమట కనబడదు. అందుచే, యాత్ర ముగిసి మిత్రుడు ఇల్లు చేరినంతనే చందాయు ముగియును.

ఇట్లు దూరదేశపు జాలి వచ్చి పోవుట మా రాయలసీమకు క్రొత్తది కాదు. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడినవి. ప్రభుత్వము పంపిన రిచర్డు టెంపుల్ దొర కరువుపనుల కూలిని రోజుకొక పౌను ధాన్యము లెక్కకు దించినాడు. జనము లక్షలుగా చచ్చిన పిదప, 1877 ఆగస్టులో, లండను నగరాధ్యక్షుడు మాన్షన్ హౌసులో నిధి తెరచెను. ఆ దేశపు ప్రజలు జాలిపడి లక్షల పౌన్లు కురిపించిరి. వారి దయను శంకింపను. కాని అదే లండనునందలి వాటాదారుల సొమ్ముతో తవ్వబడిన కర్నూలు–కడప కాలువకు నూటికి అయిదు వడ్డీ మన ఖజానానుండి పూచీపడి చెల్లింపవలసి వచ్చినదనియు, ఆ వాటాదారుల కంపెనీ గట్టెక్కలేక 1882లో కాలువను ప్రభుత్వమే కొన్నదనియు గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆ కరువునకు పదేండ్లు ముందు, 1866లో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టిరి. విక్టోరియా రాణి పంపిన బంగారు పతకము తరువాతి మాట. ఆయన పంక్తిలో కూర్చున్నవాడు ఏ ఊరివాడో ఆయనకు తెలియును.

విదేశీధనము నిలిచి పనిచేసిన తార్కాణము మా పొరుగుననే కలదు. 1969లో అనంతపురము చేరిన స్పెయిను దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్, ఆయన భార్య ఆన్ నెలకొల్పిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) సంస్థకు స్పెయిను గృహస్థులు ఒక్కొక బిడ్డ పేర చిన్న మొత్తములు ఏండ్ల తరబడి పంపుచు వచ్చిరి. దానితో బత్తలపల్లి ఆసుపత్రి, పాఠశాలలు, ఇండ్లు వెలసినవి. పని కర్నూలు పల్లెలకును, నల్లమల చెంచుగూడేములకును ప్రాకినది. అక్కడి జనుల కొరకు స్పెయినువారు వచ్చి రాత్రి పగలు పరుగెత్తుటయు కలదు. ఆ పరుగును మెచ్చుకొందును. కాని నేను నమస్కరించునది మారుమాట లేక నెలనెల చందా కట్టిన ఆ పేరు లేని గృహస్థునకు.

సైకిలు మాటకే వత్తును. బీహారు ప్రభుత్వము 2006 మొదలు తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు సొమ్మిచ్చెను. మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అను ఆర్థికవేత్తలు పరిశోధించి, దానివలన ఆ తరగతి చేరు బాలికలు 32 శాతము పెరిగిరని తేల్చిరి. మన రాష్ట్రమును ‘బడికొస్తా’ పేర అదే పని తలపెట్టినది. యాత్రికుని సైకిలు ఖరీదుతో ఇట్టి సైకిళ్లు పదుల కొలది వచ్చునను సంగతి తెలిసియు, అతనిని ఆ సైకిలు అమ్ముమని నేననను. అది అతని సరదా. మనకు మాత్రము సంతలు, తిరునాళ్లు అను సరదాలు లేవా?

సీమకు సముద్రములు దాటి వచ్చు ధనములో అధికభాగము ఏ యాత్రవలనను రాదు. రాయచోటి ప్రాంతమునుండి కువైట్ పోయి, పరుల యిండ్లలో వంటపాత్రలు తోమి, కారులు నడిపి, ఆడవారును మగవారును పంపునది అది. వారి చెమటకు మైలింతయని చందా వేయువారు లేరు, పతకము లేదు, ఫోటో లేదు.

రానున్న చలికాలమున కర్నూలు–కడప దారిని ఎవరైన ధర్మయాత్ర తలపెట్టుదురేని, నా కోరిక ఒక్కటి: ఎంత వసూలైనది, ప్రయాణపు ఖర్చులకెంత పోయినది, పల్లెకెంత మిగిలినది అను లెక్కను ఆ పల్లె రచ్చబండ కడ తెలుగులో చదువవలెను, విని ప్రశ్నించుటకు ఊరివారికి ఒక పూట వ్యవధియు ఉండవలెను.

— సీమవాసి