తెడ్డు మన చేతికి రాకపోతే లెక్క తేలదు

"మీతో మగదిక్కు ఎవరొస్తున్నారమ్మా?"

పోయిన ఫాల్గుణ మాసంలో మేం ఆరుగురు ఆడవాళ్లం సైకిళ్ల మీద కామవరపుకోట నుంచి బయలుదేరుతుంటే అడగని మనిషి లేడు. ద్వారకా తిరుమల కొండెక్కి, భీమడోలు, ఏలూరు, కైకలూరు మీదుగా కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు చేరాలని మా ప్రయాణం. మాలో ఒకరు అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు డ్వాక్రా సంఘం వాళ్లు, ఒకరు చేపల ప్యాకింగు పనికి వెళ్లే అమ్మాయి, ఒకరు డిగ్రీ మధ్యలో మానేసిన పిల్ల, ఆరో మనిషిని నేను.

పామాయిల్ తోటల మధ్య మెట్ట దారిలో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది రాత్రికి వచ్చింది. దారిలో ఒకచోట సత్రంలో గది అడిగితే గుమాస్తా మా వెనక్కి తొంగిచూశాడు. ఎవరూ కనబడకపోయేసరికి "ఆడవాళ్లకు విడిగా గది ఇవ్వం" అన్నాడు. డబ్బులున్నాయి, గుర్తింపు కార్డులున్నాయి, గదులు ఖాళీగా ఉన్నాయి. లేనిది మగాడొక్కడే.

ఆ రాత్రి తెలిసినవాళ్ల వరండాలో పడుకున్నాం. నిద్ర పట్టక డిగ్రీ మానేసిన పిల్ల ఒక చిక్కు లెక్క వేసింది. మూడు జంటలు ఏరు దాటాలి. పడవలో ఇద్దరే పడతారు. తన భర్త దగ్గర లేకుండా ఏ భార్యా పరాయి మగవాడున్న చోట ఉండకూడదు. ఎలా దాటతారు?

చాలాసేపు కుస్తీ పట్టాం. తేలలేదు. చివరికి ఆ పిల్లే అడిగింది: "అక్కా, మీరందరూ తెడ్డు మగవాళ్లే వేస్తారనుకుంటున్నారు కదూ?"

నిజమే, అలాగే అనుకున్నాం. లెక్కలో ఆ మాట లేదు, మా బుర్రల్లో ఉంది. మగవాళ్లే తెడ్డు వేయాలంటే ఏమవుతుందో చూడండి. మొదట ఒక జంట దాటుతుంది, భార్యను దించి భర్త తిరిగొస్తాడు. రెండో జంట దాటిందా, ఒడ్డున ఒంటరిగా ఉన్న మొదటి భార్య పక్కన పరాయి మగాడు చేరినట్టే. ఇద్దరు మగవాళ్లు దాటారా, ఇవతల మూడోవాడి దగ్గర పరాయి భార్య మిగిలిపోతుంది. ఎటు కదిలినా నియమం తప్పుతుంది. అసలు దాటడమే సాధ్యం కాదు. అదే ఆడవాళ్ల చేతికి తెడ్డు ఇవ్వండి. పదకొండు విడతల్లో ఆరుగురూ అవతలి ఒడ్డున ఉంటారు. మేం కాగితం మీద గీసిన పద్ధతిలో ఆ పదకొండింటిలో ఎనిమిది విడతలు పడవలో ఉన్నది ఆడవాళ్లే.

ఈ లెక్క నిన్నటిది కాదు. సుమారు పన్నెండు వందల ఏళ్లనాటి ఒక లాటిన్ పుస్తకంలో భార్యాభర్తల బదులు అన్నాచెల్లెళ్లతో ఉంది. ఆల్కుయిన్ అనే పండితుడిది అంటారు. అది కుర్రవాళ్ల బుద్ధికి పదును పెట్టడానికి రాసిన పుస్తకమని దాని పేరే చెబుతుంది. కాపలా కాయాల్సిన సరుకు ఆడపిల్ల, పదును పెట్టాల్సిన బుద్ధి కుర్రవాడిది! మన దగ్గరా అంతే. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో అమ్మాయి కళ్లను పొగిడి మరీ లెక్కలు అడుగుతాడు. ఆ అమ్మాయి చెప్పిన జవాబు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. తర్వాత "ఆడవాళ్లకు తర్కం ఉండదు" అని తీర్పు ఇచ్చేశారు.

అక్కచెల్లెళ్లారా, ఒక్క విషయం ఆలోచించండి. మొక్కు తీర్చుకోవడానికి జాతరకు వెళ్తామంటే ఊరు మమ్మల్ని సణుగుతూనైనా పంపింది. ఆ డిగ్రీ పిల్ల కాలేజీకి వెళ్తానంటే మాత్రం "దూరం, రోజులు బాగాలేవు" అని మాన్పించారు. దారి అదే, సైకిలు అదే, పిల్లా అదే. దేవుడి పేరు చెబితే దొరికిన అనుమతి చదువు పేరు చెబితే ఎందుకు దొరకదు? అంటే వాళ్లు భయపడింది దారికి కాదు. ఆ దారి చివర పిల్ల తన కాళ్ల మీద తాను నిలబడుతుందని.

తల్లుల భయం అబద్ధమని నేననను. దారిలో వెకిలి మాటలు మేమూ విన్నాం. కానీ ఆ భయం నుంచి తీసే ముగింపే తప్పు. పులి, మేక, గడ్డిమోపు లెక్క మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. జవాబులో పదేపదే ఇటూ అటూ తిప్పేది మేకనే. పులిని కట్టెయ్యమని ఒక్కరూ అనరు. చిక్కు లెక్కలో అది నియమం కాబట్టి సరే. బతుకులో ఆ నియమం ఎవరు పెట్టారు?

నియమం మార్చినచోట ఏం జరిగిందో చూశాం. 1991 తర్వాత తమిళనాడులోని పుదుక్కోట్టైలో కలెక్టరు షీలారాణి చుంకత్ ఉన్నప్పుడు అక్షరాస్యతా ఉద్యమంలో సైకిలు నేర్పడం కూడా ఒక పాఠమైంది. వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలెక్కారు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్లలో ఆ ఫలితం బాగా కనబడిందని పరిశీలనలు తేల్చాయి. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. మంచిదే. కానీ చాలా ఇళ్లల్లో పదో తరగతి అయ్యాక ఆ సైకిలు తమ్ముడి చేతికి వెళ్లిపోయింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్నీ ఆహ్వానిస్తాను. అయినా బస్సు వేళ ఆర్టీసీది, సైకిలు వేళ నాది.

దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చింది. సత్రాలు, రోడ్లు, స్నానఘట్టాల దగ్గర స్త్రీ అనే కారణంతో అడ్డు చెప్పకూడదని 15వ అధికరణం అంటోంది. ఆ గుమాస్తా మాకు నిరాకరించింది దయ కాదు, హక్కు. అందుకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాం. యాత్రల దారిలో దీపాలు, మరుగుదొడ్లు, ఒంటరి స్త్రీలకూ గది ఇవ్వాలనే బోర్డు, ఇంటరు, డిగ్రీ ఆడపిల్లలకు సైకిళ్లు కావాలని పంచాయతీలను అడుగుతున్నాం. మీ మీ ఊళ్లలోనూ అడగండి.

రెండో రోజు సాయంత్రానికి చేపల చెరువుల గట్ల పక్కగా కొల్లేటికోట చేరాం. ఒకప్పుడు అమ్మవారి దగ్గరకు పడవ మీదే వెళ్లేవాళ్లట. ఆ మాట విని చేపల ప్యాకింగు అమ్మాయి నవ్వింది. "మా అమ్మమ్మే తెడ్డేసేదక్కా. ఎవరూ మగదిక్కు అడగలేదు" అంది.

ఆ డిగ్రీ పిల్ల ఇంటికెళ్లి తండ్రి ముందు అదే మూడు జంటల లెక్క పెట్టింది. ఆయన ఇంకా తేల్చలేదు. ఆమె మాత్రం మళ్లీ పరీక్ష ఫీజు కట్టింది.