చిత్ర పంపిణీ వ్యాపారం – మన విద్యార్థులు

చలనచిత్రం అనగానే మనకు నటీనటులు గుర్తుకు వస్తారు. ఆ చిత్రాన్ని ముత్తుకూరు వంటి తీరప్రాంతపు ఊళ్ల ప్రేక్షకుల వద్దకు చేర్చే పంపిణీదారు మాత్రం ఎవరికీ గుర్తుకు రాడు. తెలుగు చిత్ర వ్యాపారంలో నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరుల వలెనే నెల్లూరు కూడా ఒక ప్రత్యేక ఏరియా. ఆ వ్యాపారం ఎట్లా నడుస్తుందో మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులలో ఎందరికి తెలుసు?

ఈ రంగం ఆదినుండీ కుటుంబాల చేతులలోనే పెరిగింది. ఫ్రాన్సులో పాథే సోదరులు 1896లో స్థాపించిన సంస్థ, 1907లో ప్రింట్లను అమ్మివేయడం మాని అద్దెకు ఇవ్వసాగింది. నేటి పంపిణీ పద్ధతికి అది ఒక పునాది. మన వైపు చూస్తే, కారంచేడుకు చెందిన దగ్గుబాటి రామానాయుడు 1964లో సురేష్ ప్రొడక్షన్స్ స్థాపించి, డి.వి. నరసరాజు రచనతో "రాముడు భీముడు" నిర్మించారు. అదే కథను మద్రాసులో విజయా సంస్థ అధినేత బి. నాగిరెడ్డి 1965లో తమిళంలోనూ, 1967లో దిలీప్ కుమార్‌తో హిందీలో "రామ్ ఔర్ శ్యామ్"గానూ తీశారు. 1971లో రామానాయుడు తీసిన "ప్రేమ్‌నగర్" మరుసటి ఏడు తమిళంలో "వసంత మాళిగై"గా వచ్చినప్పుడు, నిర్మాతగా తెరపై కనిపించిన పేరు విజయా అండ్ సురేష్ కంబైన్స్. స్టూడియో గలవారి వసతికి కథ గలవారి చొరవ తోడైతే భాషల ఎల్లలు చెరిగిపోతాయనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇది వారసుల వ్యాపారమనీ, మనకు చోటు లేదనీ కొందరంటారు. నిర్మాణం, స్టూడియో, పంపిణీ, థియేటరు ఒకే కప్పు క్రిందికి చేరినప్పుడు చిన్న చిత్రానికి పండుగనాడు తెర దొరకడం కష్టమన్న మాట మేమూ కాదనము. కాని 1964లో రామానాయుడు గారికి సొంత స్టూడియో లేదు. వారసత్వం రెండవ తరానికి లభించేది. మొదటి తరం కొంత పెట్టుబడితో, ఎక్కువగా భాగస్వామ్యంతోనే నిలిచింది.

సినిమా పేరెత్తితే మన పెద్దలకు సంకోచం కలగడం సహజమే. మేము కోరేది వెండితెర మోజు కాదు, ఒప్పందపత్రం చదవగల నేర్పు. కనీస హామీ పద్ధతిలో పంపిణీదారు నిర్మాతకు ముందుగా సొమ్ము చెల్లిస్తాడు. చిత్రం ఆడకపోతే నష్టం అతనిదే. కమీషన్ పద్ధతిలో ఆ భారం నిర్మాతపై ఉంటుంది. ప్రింట్ల పెట్టెలు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చినా ఈ లెక్క మారలేదు. దీనిని ఎరుగక ఇల్లు తాకట్టు పెట్టి చిత్రం కొనేవాడు అప్పులపాలు కావడానికి ఒక్క శుక్రవారం చాలు.

కళాశాల సంఘం వారికి మా విజ్ఞప్తి రెండు మాటలలో ఇది. వాణిజ్య విద్యార్థులను ఏటా ఒకసారి నెల్లూరులోని ఒక పంపిణీ కార్యాలయానికి తీసుకువెళ్లి ఆ లెక్కలను ప్రత్యక్షంగా చూపాలి. మూడు నెలలకొకసారి ఒక తెలుగు చిత్రాన్ని, ఒక ఉర్దూ లేక హిందీ చిత్రాన్ని హక్కుదారుల అనుమతితో ప్రదర్శించాలి. ఆ అనుమతి కోసం ఉత్తరప్రత్యుత్తరాలు విద్యార్థులే జరపాలి. మొదటి ప్రదర్శనకు "రాముడు భీముడు", "రామ్ ఔర్ శ్యామ్" చిత్రాలను సూచిస్తున్నాము. ఒకే కథ రెండు భాషలలో ఎట్లా బ్రతికిందో ఉర్దూ తరగతి, తెలుగు తరగతి ప్రక్కప్రక్కన కూర్చుని చూడవచ్చును.