బడి గోడలకు ఆవల విద్యాశాస్త్రం: కొంతం చౌక్ ముందున్న ప్రశ్న

సోలాపూర్ నగరంలోని కొంతం చౌక్ పరిసరాలలో తెలుగు వినిపించని వీధి అరుదు. మగ్గాన్ని నమ్ముకొని నేటి తెలంగాణ జిల్లాల నుండి తరతరాల క్రితం తరలివెళ్లిన పద్మశాలీల వారసులు అక్కడ చాదర్లు, టవళ్లు నేస్తున్నారు. ఆ ఇళ్లలోని స్త్రీలు అనేకులు బీడీలు చుడుతున్నారు. మగ్గం కూలి, బీడీ కూలి కలిపినా నెల గడవడం కష్టమైన ఇంట్లో పిల్లల చదువుకు పెట్టే ప్రతి రూపాయికీ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కలో చిరకాలం అగ్రస్థానం ఉపాధ్యాయ శిక్షణదే. ఇవతలి సరిహద్దు గ్రామాల రైతు కుటుంబాలదీ ఇదే లెక్క. ఆ లెక్క నేడు తప్పుతున్నది. ఎందుకు తప్పినదో, దానిని ఎట్లా సరిదిద్దుకోవాలో విచారించవలసిన సమయమిది.

పన్నెండవ తరగతి, ఆపైన రెండేళ్ల డి.ఎడ్., వెంటనే కొలువు. 2000 దశకంలో మహారాష్ట్రలో శిక్షణ కళాశాలలు వెల్లువెత్తడానికి ఈ ఆశే కారణం. ఆడపిల్లకు ఊరు దాటని ఉద్యోగమనీ, పెళ్లి సంబంధానికి పనికివచ్చే పట్టా అనీ తల్లిదండ్రులు భావించారు. అందులో అసమంజసమేమీ లేదు. కాని కళాశాలలు ఇచ్చే పట్టాల సంఖ్యకూ, ప్రభుత్వం నింపే ఖాళీల సంఖ్యకూ మధ్య పొంతన లేకుండా పోయింది.

మారిన నిబంధనలు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి టెట్‌ను కనీస అర్హతలలో చేర్చింది. మహారాష్ట్రలో తొలి టెట్ 2013లో జరిగింది. అంతకుముందే, 2012లో, ఆ రాష్ట్రంలో ఉపాధ్యాయ నియామకాలకు అడ్డుకట్ట పడింది. నియామకాల కోసం వేరుగా పెట్టిన అభియోగ్యతా పరీక్ష 2017లోనూ, మళ్లీ 2023, 2025లలోనూ మాత్రమే జరిగింది. మొదటి రెండు పరీక్షల నడుమ గడిచిన కాలంలో ఎందరో అభ్యర్థుల వయోపరిమితి కరిగిపోయింది.

న్యాయస్థానాల తీర్పులు ఈ ద్వారాన్ని మరింత ఇరుకు చేశాయి. బి.ఎడ్. పట్టా ప్రాథమిక తరగతుల బోధనకు అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చింది. 2025 సెప్టెంబరు 1న వెలువరించిన మరో తీర్పులో, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు సైతం రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని ఆదేశించింది. కొలువులో ఉన్నవారికే ఇంత అలజడి కలిగినప్పుడు, కొలువు కోసం ఎదురుచూచేవారి సంగతి చెప్పనక్కరలేదు.

సరిహద్దు కుటుంబాలకు దీనిపైన మరొక చిక్కు ఉన్నది. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం కొలువులు స్థానికులకే దక్కుతాయి. ఒకటి నుండి ఏడవ తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే స్థానికతకు కొలబద్ద. కొంతం చౌక్‌లో పుట్టి పెరిగి అక్కడే చదివిన బిడ్డకు తాతల ఊరు తెలంగాణలోనే ఉన్నా, 2024లో 11,062 పోస్టులతో వెలువడిన డి.ఎస్.సి. వంటి ప్రకటనలో మిగిలేది ఆ కొద్దిపాటి స్థానికేతర వాటాలో పోటీ మాత్రమే. దగ్గరగా ఉన్నదని పిల్లలను సరిహద్దు అవతలి బడికి పంపే గ్రామస్థులు కూడా ఈ విషయం గుర్తుంచుకోవలసి ఉన్నది.

అనుమతి వేరు, జ్ఞానం వేరు

ఇక్కడ ఒక భేదాన్ని గ్రహించాలి. డి.ఎడ్., బి.ఎడ్., టెట్ అనేవి తరగతి గదిలో నిలబడడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి పత్రాలు. విద్యాశాస్త్రం అంతకంటె విశాలమైనది. బిడ్డ ఎట్లా నేర్చుకుంటుంది, ఎక్కడ తడబడుతుంది, పాఠాన్ని ఏ వరుసలో అమర్చాలి, నేర్చినదానిని ఎట్లా కొలవాలి అన్నవి దాని ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలవారి అవసరం బడిలోనే కాదు, బడి వెలుపల కూడా ఉన్నది.

ఒక ఉదాహరణ చూద్దాం. తెలుగు పిల్లవానికి కాగితం, నోటుపుస్తకం, పుస్తకం మూడూ ‘అది’ అనే మాటకే లోబడతాయి. మరాఠీలో కాగద్ పుంలింగం, వహీ స్త్రీలింగం, పుస్తక్ నపుంసకలింగం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే బిడ్డ ఇక్కడ పొరబడితే మందబుద్ధి అని ముద్ర వేయడం సులభం. ఆ పొరపాటు ఇంటిభాష నుండి వచ్చినదని గుర్తించి, తగిన పాఠం తయారు చేయడం విద్యాశాస్త్రం తెలిసిన ద్విభాషికి సాధ్యమయ్యే పని. కొంతం చౌక్ యువత చేతిలో ఉన్న అసలైన పెట్టుబడి ఈ రెండు భాషలే.

ఆ పెట్టుబడికి తావులు లేకపోలేదు. 1967లో పూణేలో ఏర్పడిన ‘బాలభారతి’ సంస్థ తెలుగుతో సహా అనేక భాషలలో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాలు ప్రచురిస్తున్నది. ఇట్టి పుస్తకాలకు అనువాదకులు, సమీక్షకులు, చిత్తుప్రతులు దిద్దేవారు కావాలి. 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ పిల్లల కథలను భారతీయ భాషలన్నింటిలోకి తేవడానికి కృషి చేస్తున్నది. ముంబయిలో 1995లో పుట్టిన ప్రథమ్ సంస్థ పిల్లల చదవగల శక్తిని ఇంటింటా పరీక్షించే ‘అసర్’ సర్వేను 2005 నుండి గ్రామీణ జిల్లాలలో నిర్వహిస్తూ వచ్చింది. ఇట్టి పనులకు క్షేత్రంలో తిరిగేవారు, వారికి శిక్షణ ఇచ్చేవారు కూడా అవసరమే.

అంగన్‌వాడీల సంగతి మరొకటి. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి 2020 జాతీయ విద్యావిధానం కొత్త ప్రాధాన్యం తెచ్చింది. మూడవ ఏట నుండి ఎనిమిదవ ఏట వరకు ఒకే పునాది దశగా అది పరిగణించింది. అంగన్‌వాడీ పర్యవేక్షకురాలి పోస్టుకు పట్టభద్రులు పోటీపడవచ్చు. వయోజన విద్య, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ, కార్ఖానాలలో కొత్త పనివారికి నేర్పే కార్యక్రమాలు కూడా బోధన తెలిసినవారిని కోరేవే.

అయితే తరగతి గది బయట ఉన్నంత మాత్రాన ప్రతి పనీ అనుమతి లేకుండా దొరకదు. ప్రత్యేక అవసరాలు గల పిల్లలతో పనిచేయాలంటే 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. ఆ మండలి గుర్తించని కోర్సుకు రుసుము కట్టి మోసపోకూడదు.

ఏ పట్టా ఎక్కడికి దారి

పేర్లు ఒకే తీరున ఉండడం వల్ల కుటుంబాలు పొరబడుతున్నాయి. ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో బి.ఎడ్. లేకున్నా ఏదైనా డిగ్రీతో చేరవచ్చు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దానిని దూరవిద్య ద్వారా అందిస్తున్నది. పాఠ్యరచన, పరిశోధన, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలకు అది అక్కరకు వస్తుంది గాని, దానితో మాత్రమే బడిపంతులు కొలువు రాదు. ఎం.ఎడ్. చదవాలంటే ముందుగా ఉపాధ్యాయ శిక్షణ ఉండాలి. బెంగుళూరులో 2010లో స్థాపితమైన అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలో ఎం.ఏ. ఉన్నది. ఆదాయాన్ని బట్టి ఆర్థిక సహాయం లభించడం పేదలకు ఊరట. సోలాపూర్‌కు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో తుల్జాపూర్‌లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ గ్రామీణ ప్రాంగణం 1986 నుండి నడుస్తున్నది. గ్రామీణాభివృద్ధి, సామాజిక సేవ అక్కడి ప్రధాన విషయాలు. ఇట్టి సంస్థలలో చదువు సాగేది ఆంగ్లంలో. ఆ భాషలో చదవడం, వ్రాయడం డిగ్రీ మొదటి ఏడాది నుండే అభ్యసించనివారికి ద్వారం దగ్గరే ఆటంకం ఎదురవుతుంది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకారవేతనం ఉన్నదన్న సంగతి సైతం మరువరాదు.

ఈ మార్గం పూలబాట అని చెప్పడం సత్యదూరం. స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలలో ఎక్కువ భాగం ఒప్పంద ఉద్యోగాలు. పథకం ముగిస్తే కొలువూ ముగుస్తుంది. అనువాదానికి పని ఉన్ననాడే కూలి, అదీ మగ్గం కూలి వంటిదే. ఊరూరా తిరగవలసిన పనికి ఆడపిల్లను పంపడానికి ఇంట్లో వెనుకంజ వేస్తారు. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. బయట దారులున్నాయి కదా అని ప్రభుత్వాలు ఖాళీలను అట్లాగే వదిలివేయవచ్చు. ప్రాథమిక పాఠశాలలో ప్రతి 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్నది విద్యాహక్కు చట్టం నిర్దేశం. దానిని పాటించడం ప్రభుత్వం బాధ్యత. పాటించమని అడగడం తల్లిదండ్రుల హక్కు. ఒక దారి వెదకడం రెండవ దారి మూసివేతకు సమ్మతి కారాదు.

కాబట్టి రుసుము కట్టకముందే ప్రతి కుటుంబమూ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సు బోధనకు అనుమతి ఇస్తుందా, లేక విషయజ్ఞానం మాత్రమే ఇస్తుందా? దానిని గుర్తించిన మండలి ఏది? బిడ్డ ఏ రాష్ట్రంలో స్థానికుడవుతాడు? గత రెండు మూడేళ్లలో ఆ కళాశాల నుండి బయటికి వచ్చినవారు నేడు ఏ పనిలో ఉన్నారు? నాలుగవ ప్రశ్నకు కళాశాల గుమాస్తా సరిగా సమాధానం చెప్పకపోతే, అక్కడ చదివినవారి ఇళ్లకే వెళ్లి విచారించడం మేలు.

నేతగాడు నూలు కొనేముందు పోగు లాగి చూస్తాడు. గట్టిదనం తేలకుండా సొమ్ము చెల్లించడు. రెండేళ్ల కాలమూ, తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్మూ ధారపోసే చదువు విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరం. పట్టా చేతికి వచ్చాక ఏ పని దొరుకుతుందని వెదకడం గాక, చేయదలచిన పనిని ముందు ఎంచుకొని దానికి తగిన పట్టాను వెదకడం నేటి కర్తవ్యం.